తమాషీ వాళ్ల 2023 గాడ్జిల్లా: 16 సెంటీమీటర్ల బొమ్మలో ఏముంది, ఏం లేదు

గాడ్జిల్లా మైనస్ వన్ సినిమా జపాన్‌లో 2023 నవంబర్ 3న విడుదలైంది. 1954లో మొదటి గాడ్జిల్లా వచ్చింది కూడా నవంబర్ 3నే. దర్శకుడు తకాషి యమజాకీ విజువల్ ఎఫెక్ట్స్ బాధ్యత కూడా తనే చూసుకున్నాడు. షిరోగుమి స్టూడియోలో 35 మంది కూర్చుని 610 షాట్లు తయారుచేస్తే 2024 మార్చిలో ఆస్కార్ వచ్చింది. ఆ సినిమాలోని గాడ్జిల్లానే జపాన్ బొమ్మల కంపెనీ బందాయ్ వాళ్ల కలెక్టర్ విభాగం తమాషీ నేషన్స్, ఎస్‌హెచ్ మాన్‌స్టర్‌ఆర్ట్స్ వరసలో బొమ్మగా దించింది.

ఎత్తు దాదాపు 16 సెంటీమీటర్లు. పదార్థం పీవీసీ, ఏబీఎస్ ప్లాస్టిక్‌లు. పెట్టెలో బొమ్మ ఒక్కటే ఉంటుంది. నోటి నుంచి వచ్చే కిరణం ముక్క రాదు, స్టాండు రాదు, మార్చి తొడిగే చేతులూ రావు. వీపు పలకలు సినిమాలోలా నీలంగా మండుతున్నట్టు ఉండవు, మామూలు నలుపులోనే ఉంటాయి. ఫొటోల్లో నీలం వెలుగు చూసి ఆర్డర్ పెట్టేవాళ్లు ముందు ఈ సంగతి సరిచూసుకోవాలి.

తీర్పు ముందే చెప్పేస్తాను. నిలబెట్టి చూసుకోవడానికి ఈ సైజులో ఇంత బాగా కుదిరిన గాడ్జిల్లాలు తక్కువ. రోజుకో భంగిమ పెట్టి ఆడుకుందామనుకుంటే మాత్రం ఇది మీ చేతులు కట్టేస్తుంది. ఈ రెండింటికీ కారణం ఒకటే.

పాత జపాన్ గాడ్జిల్లాలన్నీ మనిషి తొడుక్కున్న సూట్లు. 1954లో హరువో నకజిమ తొడుక్కున్న మొదటి సూటు బరువు 100 కిలోల దాకా ఉండేది. లోపల మనిషి ఉన్నాడు కాబట్టి మోకాలు మోకాలి దగ్గరే వంగుతుంది, భుజం భుజం దగ్గరే తిరుగుతుంది, అక్కడ రబ్బరు ముడతలు పడుతుంది. బొమ్మ చేసేవాడికి ఇది వరం. ముడత ఉన్నచోటే జాయింటు కోసేస్తే గీత కనబడదు. మైనస్ వన్ గాడ్జిల్లా పుట్టిందే కంప్యూటర్‌లో. లోపల మనిషి లేడు. తొడలు నడుముకంటే వెడల్పు, ఒళ్లంతా బండరాయి పగిలినట్టు గట్లు గట్లుగా ఉన్న చర్మం, ఆ గట్లు ఎక్కడా ఆగకుండా పొట్ట మీంచి తొడ మీదికి పారుతాయి. దీన్ని ఎక్కడ కోసినా గీత కనిపించి తీరుతుంది. అందుకని కదలిక తగ్గించుకుని గీతను దాచుకునే దారి పట్టారు. నా లెక్కలో అది సరైన నిర్ణయమే. గాడ్జిల్లా కరాటే చేయనక్కర్లేదు.

బొమ్మ చేతికొచ్చాక కిందనుంచి పైకి చూడండి. రెండు పాదాలూ చదునైన గాజు మీద పెట్టి, తోకను గాలిలోకి ఎత్తి పట్టుకుని, అరికాలి కింద పోస్ట్‌కార్డు మందం కాగితం దూర్చి చూడాలి. ఒక పాదం కింద దూరి రెండో పాదం కింద దూరకపోతే చీలమండ జాయింటు వంకరగా కూర్చుందని అర్థం. చాలాసార్లు ఇది తయారీలోపం కాదు, చీలమండను లోపలివైపు కొద్దిగా తిప్పితే అరికాలు నేలకు ఆనుతుంది. ఈ జాతి బొమ్మలకు నిలకడ మూడు బిందువుల మీద ఉంటుంది, రెండు పాదాలు, తోక. అయితే తోక నేలకు తాకాలే తప్ప బరువు మోయకూడదు. తోక మోస్తుంటే నెలలు గడిచేకొద్దీ దాని మొదలు జాయింటు కుంగి, బొమ్మ వెనక్కి వాలుతుంది. పరీక్ష తేలిక. నిలబెట్టి, తోక చివరను వేలితో ఒక మిల్లీమీటరు పైకి లేపండి. బొమ్మ కదలకుండా ఉంటే సరే. వెనక్కి ఊగితే నడుముని కాస్త ముందుకు వంచి మళ్లీ చూడండి.

తల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. శరీరంతో పోలిస్తే తల చిన్నది, అది సినిమా డిజైన్‌లోనే ఉంది, బొమ్మలో తప్పేమీ కాదు. కింది దవడ తెరుచుకుంటుంది. తెరిచి, టార్చిలైటు పక్కనుంచి వేసి చూడండి. పళ్లు ఒకే వరసలో, ఒకే ఎత్తులో ఉండవు, కొన్ని లోపలికి, కొన్ని బయటికి. ఇక్కడ పెయింటింగ్ పనితనం బయటపడుతుంది. పంటి తెలుపు చిగురు మీదికి ఎగబాకిందా, చిగురు రంగు పంటి మొదట్లో ఆగిందా అన్నది భూతద్దంతో చూస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఫ్యాక్టరీలో రంగు పడకూడనిచోట కప్పే మాస్కు పెట్టి స్ప్రే చేసినప్పుడు మాస్కు అర మిల్లీమీటరు జరిగితే ఒక పక్క పళ్లన్నీ చిగుళ్ల మీదికి కారినట్టు కనబడతాయి. కళ్లు కూడా అంతే. కంటిపాప రెండు కళ్లలో ఒకే దిక్కుకు చూస్తోందో లేదో ఎదురుగా పెట్టి కాదు, కొద్దిగా పైనుంచి చూసి తేల్చుకోవాలి, ఎందుకంటే కనుబొమ గట్టు ఎదురు చూపుకి సగం దాచేస్తుంది. షాపులో పెట్టె తెరవనివ్వకపోతే పెట్టె కిటికీలోంచి చూడగలిగినవి ఈ రెండే, పళ్లు, కళ్లు. నాలుగు పెట్టెలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తప్పకుండా దొరుకుతుంది.

వీపు పలకల గురించి. సినిమాలో కిరణం వదిలే ముందు ఇవి తోక దగ్గర మొదలై ఒక్కొక్కటిగా బయటికి పొడుచుకొస్తూ నీలంగా వెలుగుతాయి, చివర్లో ఒక్కసారిగా లోపలికి దిగుతాయి. బొమ్మలో అవి స్థిరంగా ఉంటాయి, లాగొద్దు. లాగితే అతుకు ఊడి వస్తుంది. అంచులు పదునుగా ఉండటం వల్ల వీపు పట్టుకుని ఎత్తడం చెడ్డ అలవాటు. కొనలు వంగుతాయి, పైగా వేళ్ల జిడ్డు గట్ల మధ్య చేరి మెరుపు మచ్చగా మిగులుతుంది. ఎత్తాల్సివస్తే రెండు తొడల మీద బొటనవేలు, మధ్యవేలు వేసి ఎత్తండి. పెట్టె మీద 15 ఏళ్లు పైబడినవాళ్లకు అని రాసింది అలంకారానికి కాదు. ఇంట్లో నాలుగేళ్ల పిల్లవాడు ఉంటే ఇది పై అరలోనే ఉండాలి.

కదలిక విషయానికొస్తే తోకదే అసలు అందం. ముక్క ముక్కకీ తిరుగుతుంది, ఎస్ ఆకారం చక్కగా వస్తుంది. తోక తిప్పేటప్పుడు చివర పట్టుకుని లాగితే బలం అంతా మధ్యలో ఏదో ఒక బలహీనమైన ముక్క మీద పడుతుంది. మొదటి ముక్క నుంచి మొదలుపెట్టి, తిప్పుతున్న జాయింటుకి అటూ ఇటూ ఉన్న రెండు ముక్కల్ని మాత్రమే పట్టుకుని, ఒక్కోదాన్నీ కొద్దికొద్దిగా మళ్లించుకుంటూ చివరికి వెళ్లండి. ఒకే ముక్కను ఎక్కువ తిప్పితే మధ్యలో చీకటి సందు కనబడుతుంది, అన్నింటినీ తలా కాస్త తిప్పితే కనబడదు. పలకల వరస కూడా మెలితిరుగుతుందని గుర్తుపెట్టుకోండి. తోకను పక్కకు వంచడంతో పాటు మెలితిప్పేస్తే పలకలు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి చూస్తుంటాయి. అదే ఈ బొమ్మ ఫొటోల్లో ఎక్కువగా కనిపించే తప్పు.

కాళ్ల దగ్గర ఆశలు తగ్గించుకోవాలి. తొడ ముందుకు వస్తుంటే పొట్ట కింది చర్మం అడ్డం పడుతుంది. ఒక అడుగు ముందుకు వేసినట్టు పెట్టవచ్చు, అంతకుమించి బలవంతం చేస్తే చర్మం అంచు పెయింటు తొడకు రాసుకుని, నలుపు కింద ఉన్న ప్లాస్టిక్ రంగు బయటపడుతుంది. నడక చూపించడానికి కాళ్లకంటే నడుము, మెడ ఎక్కువ ఉపయోగం. ఎడమకాలు కొద్దిగా ముందుకు, నడుము కుడికి కొద్దిగా, తల మళ్లీ ఎడమకు, తోక కుడికి. అంతే, బరువు ఒక కాలి మీద పడినట్టు కనబడుతుంది. నాలుగు చోట్ల పది పది డిగ్రీలు చాలు.

కొత్త బొమ్మలో జాయింటు బిగుసుకుని ఉండటం మామూలే. రంగు వేశాక ఆరకముందే ముక్కలు కలిపితే పెయింటు జిగురులా పట్టేస్తుంది. నెకా లాంటి అమెరికన్ కంపెనీల బొమ్మలు కొనేవాళ్లకు ఇది బాగా అలవాటైన తలనొప్పి, జపాన్ బొమ్మల్లో తక్కువగానే ఉన్నా అసలు లేదని చెప్పలేం. జాయింటు గట్టిగా ఉందనిపిస్తే ఆపేయండి. గిన్నెలో వేడినీళ్లు తీసుకోండి, 60 నుంచి 70 డిగ్రీలు, అంటే పొయ్యి మీద అంచున చిన్న బుడగలు మొదలయ్యేలోపే దించేసినవి. ఆ జాయింటు ఉన్న భాగాన్ని మాత్రం ఒక నిమిషం ముంచి, తీసి, గుడ్డతో పట్టుకుని ముందూ వెనకా నెమ్మదిగా ఊపండి. ఒకేవైపు తిప్పొద్దు. గుంటలో గుండు తిరిగే బాల్ జాయింటులో ఆ గుండును పట్టుకున్న కాడ సన్నగా ఉంటుంది, మెలిపెడితే అక్కడే తెగుతుంది. టక్‌మని చిన్న శబ్దంతో పెయింటు వదిలాక చల్లారనిచ్చి మామూలుగా వాడుకోవచ్చు. మరిగే నీళ్లలో వేయకండి. పళ్ల కొనలు, పలకల అంచులు పల్చగా ఉంటాయి, అవి ముందు మెత్తబడి వంగిపోతాయి. హెయిర్ డ్రయ్యర్ వాడినా పని జరుగుతుంది, కానీ వేడి ఎక్కడ తగులుతోందో అదుపులో ఉండదు, పెయింటు మీద మెరుపు తేలే ప్రమాదం ఉంది.

నూనె వేయాలనిపిస్తే సిలికోన్ నూనె ఒక చుక్క, టూత్‌పిక్ కొనతో. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వద్దు. ఒత్తిడిలో ఉన్న ఏబీఎస్ ముక్కకు అలాంటి నూనెలు తగిలితే సన్నటి పగుళ్లు రావచ్చు. కొబ్బరినూనె అయితే దుమ్మును కూడా పట్టి ఉంచుతుంది.

జాయింటు వదులైతే మందు వేరు. బయట చాలామంది ఇన్‌స్టంట్ గ్లూ చెబుతారు. నల్లటి బొమ్మ మీద అది చెడ్డ సలహా. ఆ గ్లూ ఆరేటప్పుడు వచ్చే ఆవిరి చుట్టుపక్కల ఉపరితలం మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. లేతరంగు బొమ్మలో అది కనబడదు, గాడ్జిల్లా మీద బూడిద చల్లినట్టు ఉంటుంది. దానికంటే చెక్కపనికి వాడే తెల్లటి ఫెవికాల్ మేలు. జాయింటు విడదీసి, బాల్ మీద బ్రష్‌తో పల్చగా ఒక పూత వేసి, రాత్రంతా ఆరనిచ్చి తొడగండి. చాలకపోతే మరో పూత. నచ్చకపోతే గోరువెచ్చటి నీళ్లలో నానబెడితే పొరలా ఊడి వచ్చేస్తుంది, బొమ్మకు నష్టం ఉండదు. జాయింటు తేలిగ్గా విడిపోకపోతే విడదీయాలని చూడకండి. అప్పుడు ఆ భంగిమలోనే ఉంచేయడం ఉత్తమం.

రంగు గురించి నాకు ఒక్కటే ఫిర్యాదు. నలుపు మీద బూడిదరంగు డ్రైబ్రష్ వేసి గట్లను పైకి తేల్చారు. ఈ పద్ధతిలో బ్రష్‌ను దాదాపు పొడిగా చేసి రుద్దుతారు కాబట్టి రంగు గట్ల మీదే అంటుతుంది, లోయల్లోకి దిగదు. పని బాగుంది, కానీ ట్యూబ్‌లైటు కింద బొమ్మంతా ఒకే నల్లటి ముద్దలా కనబడుతుంది. పైనుంచి తిన్నగా పడే వెలుగు దీనికి శత్రువు. పక్కనుంచి, కాస్త వెనకనుంచి వెచ్చటి రంగు దీపం ఒకటి పెడితే ప్రతి గట్టు కింద నీడ పడి, బొమ్మ రెండింతలు బాగుంటుంది. అలమరలో ఎల్‌ఈడీ పట్టీ అంటించేవాళ్లు దాన్ని పైకప్పుకు కాకుండా వెనక నిలువు మూలలో అంటించాలి. పట్టీకి, బొమ్మకు మధ్య కనీసం జానెడు దూరం ఉండనివ్వండి, చవక పట్టీలు గంటల తరబడి వెలిగితే బాగానే వేడెక్కుతాయి.

సొంతంగా రంగు మెరుగుపెట్టుకోవాలనుకునేవాళ్లు నీటి ఆధారిత యాక్రిలిక్ రంగులే వాడాలి. స్ప్రే డబ్బాల్లోని ఎనామెల్, థిన్నర్ ఉన్న రంగులు మెత్తటి పీవీసీ మీద కొన్నిసార్లు ఎన్నాళ్లకూ ఆరవు, జిడ్డుగా ఉండిపోతాయి. పీవీసీలోని ప్లాస్టిసైజర్, అంటే దాన్ని మెత్తగా ఉంచే పదార్థం, పైకి వచ్చి రంగును కరిగిస్తూ ఉంటుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో మచ్చ తుడవడం గురించి ఆలోచించనే వద్దు.

ఇక కొలత లెక్క. డయోరమా, అంటే బొమ్మ చుట్టూ చిన్న దృశ్యం, కట్టేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సినిమాలో ఈ గాడ్జిల్లా ఎత్తు 50.1 మీటర్లు. బొమ్మ 16 సెంటీమీటర్లు. భాగిస్తే దాదాపు 1/313. అదే వరసలోని 2016 షిన్ గాడ్జిల్లా సినిమాలో 118.5 మీటర్లు, 2014 అమెరికన్ గాడ్జిల్లా 108.2 మీటర్లు. వాటి బొమ్మలు కూడా ఇంచుమించు ఇదే ఎత్తులో చేస్తారు, అంటే అరలో పక్కపక్కన నిలబెట్టినవి ఒకే కొలతలో ఉన్నవి కావు. దీనికి పక్కన పెట్టడానికి బాగా కుదిరేవి 1/350 ఓడల మోడళ్లు. సినిమాలో గాడ్జిల్లా ఎదుర్కొనే తకావో క్రూయిజర్ అసలు పొడవు 203.8 మీటర్లు, 1/350లో 58 సెంటీమీటర్లు వస్తుంది. అవోషిమా కంపెనీ కిట్టు ఉంది. యుకికజే డిస్ట్రాయర్ 118.5 మీటర్లు, 1/350లో 34 సెంటీమీటర్లు. హసెగావా కంపెనీ కిట్టు ఉంది. ఒక డిస్ట్రాయర్ పొడవు, షిన్ గాడ్జిల్లా ఎత్తు ఒకే అంకె కావడం కాకతాళీయమే, కానీ గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది. 1/700 కిట్లు చవక, వాటిని దూరంగా వెనక పెట్టి ఫొటో తీస్తే దూరపు ఓడలుగా పనిచేస్తాయి.

రైలు పెట్టెలతో జాగ్రత్త. గాడ్జిల్లా నోట్లో రైలు పెట్టె పెట్టాలని అందరికీ ఉంటుంది. దొరికేవి జపాన్ ఎన్ గేజ్ మోడల్ రైళ్లవి, అంటే 1/150. 20 మీటర్ల పెట్టె అందులో 13 సెంటీమీటర్ల పైన ఉంటుంది, అంటే ఇంచుమించు గాడ్జిల్లా అంత. సరైన కొలతలో ఆ పెట్టె 6.4 సెంటీమీటర్లే ఉండాలి. జెడ్ గేజ్ 1/220లో 9 సెంటీమీటర్లు, ఇదీ పెద్దదే. దళసరి కార్డుబోర్డుతో 6.4 సెంటీమీటర్ల పెట్టె మీరే కోసుకోవడం మేలు, నోటికి బరువు కూడా కాదు.

ఫొటో తీసేటప్పుడు కెమెరాను బల్ల అంచుకు తెచ్చి, లెన్సును కాలివేళ్ల ఎత్తులో పెట్టండి. మనిషి కంటి ఎత్తు 1/313లో అర సెంటీమీటరే. లెన్సు ఎంత కిందికి దిగితే బొమ్మ అంత ఎత్తవుతుంది. ఫోన్‌ను మరీ దగ్గరికి తీసుకెళ్తే వెనకంతా మసకబారి ఇది చిన్న బొమ్మ అని ఇట్టే తెలిసిపోతుంది. మీటరు వెనక్కి జరిగి 2 రెట్ల జూమ్ పెడితే ముందూ వెనకా స్పష్టంగా ఉంటాయి. కెమెరా ఉన్నవాళ్లు ఎపర్చర్ ఎఫ్11 నుంచి ఎఫ్16 మధ్య పెట్టి, స్టాండు మీద తీయండి. నీలం కిరణం కావాలంటే బొమ్మ వెనక చిన్న నీలం ఎల్‌ఈడీ టార్చి దాచి పలకల అంచుల మీద వెలుగు పడేలా పెట్టండి. పలకల్లోంచి వెలుగు రాదు గానీ అంచులు మాత్రం రగులుతాయి. పొగకి అగరబత్తి వాడితే వాడారు, ఒక్క ఫొటోకే ఆపండి. ఆ పొగలో జిడ్డు ఉంటుంది, గట్లలో పట్టేస్తుంది. శిథిలాలకు ఇసుక వద్దు, జాయింట్లలోకి దూరి గీతలు పెడుతుంది. కార్కు బెండు నలిపి వేయండి.

మన ఎండల సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. జపాన్ ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన బొమ్మ ఇది. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో మూసేసిన గదిలో 40 డిగ్రీలు దాటడం మామూలు, ఎండలో ఆపిన కారులోపల అంతకంటే చాలా ఎక్కువ. పీవీసీ అక్కడ కరిగిపోదు, కానీ బరువు మోస్తూ నెలల తరబడి మెత్తబడి ఉంటే చీలమండల దగ్గర నెమ్మదిగా వాలుతుంది. పైభాగం బరువైన బొమ్మలకు ఇది మరీ ఎక్కువ. అందుకే వేసవిలో అడుగు ముందుకు వేసిన భంగిమ మాని, రెండు పాదాలూ సమంగా ఉంచి నిలబెట్టండి. వాలిపోతే మళ్లీ వేడినీళ్ల పద్ధతే. ఒకటి రెండు నిమిషాలు ముంచి, చేత్తో సరిచేసి, పట్టుకునే వెంటనే చల్లటి నీళ్లలో ముంచితే ఆ ఆకారం నిలుస్తుంది. వేసవిలో కొరియర్‌లో వచ్చిన పార్సిల్‌ను రాగానే తెరిచి జాయింట్లు తిప్పకండి, రాత్రంతా ఫ్యాను కింద పెట్టి పొద్దున తీయండి.

ఏళ్ల తరబడి పెట్టెలోనే మూసి ఉంచితే కొన్ని బొమ్మల ఒంటి మీద జిగట తేలుతుంది, అది పైన చెప్పిన ప్లాస్టిసైజరే. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే ద్రవం కలిపి, మెత్తటి బ్రష్‌తో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. పెట్టెలోని ప్లాస్టిక్ బ్లిస్టర్ ట్రేలో గాలాడకుండా దాచడం కంటే గాజు తలుపుల అలమరలో నిలబెట్టడమే బొమ్మకు మంచిది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో అలమరలో తేమ పీల్చి రంగు మారే సిలికా జెల్ సంచులు రెండు పెట్టి, రంగు మారగానే మార్చండి. కలరా ఉండలు మాత్రం ఆ అరలో ఉండకూడదు. నాఫ్తలీన్ ఆవిరి పాలిస్టైరీన్ జాతి ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, ఏబీఎస్ ఆ జాతిదే. చీరల బీరువాలో బొమ్మ దాచే ఇళ్లలో ఇది మరీ చూసుకోవాలి.

దుమ్ముకి వారానికోసారి మేకప్ బ్రష్, పైనుంచి కిందికి. తడిగుడ్డ వద్దు, దారాలు గట్లలో చిక్కుకుంటాయి.

నకళ్ల గురించి క్లుప్తంగా. వెయ్యి రూపాయలకు అసలు బొమ్మ ఫొటో పెట్టి అమ్మేవన్నీ నకళ్లే, ఇందులో మినహాయింపు లేదు. పెట్టె తెరవగానే ఘాటైన వాసన, చర్మం మీద నూనె రాసినట్టు మెరుపు, గట్ల పదును పోయి సబ్బులా అరిగిన ఆకారం, పంటికీ పంటికీ మధ్య ఖాళీ లేకుండా ఒకే తెల్లటి పట్టీ, ఇవి చాలు. నకలు అచ్చు అసలు బొమ్మనుంచే తీస్తారు కాబట్టి కొలత కూడా కొద్దిగా తగ్గుతుంది. సినిమా తీసిన తోహో కంపెనీ కాపీరైట్ అక్షరాలు అచ్చులో స్పష్టంగా ఉన్నాయో లేదో చూడండి. నకళ్లలో అవి మొద్దుబారి ఉంటాయి, లేదా చెరిపేసి ఉంటాయి. వాటి రంగులో ఏం కలుస్తుందో ఎవరూ చెప్పరు, పిల్లల చేతికి అసలే ఇవ్వొద్దు.

బడ్జెట్ లేక నకలు వైపు చూసేవాళ్లకు ఇంకో దారి ఉంది. బందాయే మూవీ మాన్‌స్టర్ సిరీస్ పేరుతో మెత్తటి వినైల్ బొమ్మలు చేస్తుంది. లోపల బోలు, కాళ్లూ చేతులూ తోకా గుండ్రంగా తిరగడం తప్ప వేరే కదలిక ఉండదు, రంగు కూడా తక్కువే. కానీ ధర చాలా తక్కువ, కిందపడినా విరగదు, పిల్లలకు అదే సరైనది. నెకా గాడ్జిల్లాలు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. మూతి నుంచి తోక కొస వరకు 12 అంగుళాలని పెట్టె మీద రాసేవి అవే, ఎత్తు 12 అంగుళాలనుకుని మోసపోకండి. పాత సినిమాల గాడ్జిల్లాలు కావాలంటే నెకా బాగుంటుంది. అప్పుడు కాలివేళ్లు లెక్కపెట్టండి. 1954 సూటుకి పాదానికి 4 వేళ్లు, 1962లో కింగ్ కాంగ్‌తో తలపడిన సూటుకి 3, చెవులు కూడా తీసేశారు. బొమ్మ మీద రాసిన సంవత్సరానికి వేళ్లు సరిపోకపోతే అది ఆ సినిమాది కాదు.

జపాన్ నుంచి నేరుగా తెప్పించుకునేవాళ్లు బొమ్మ ధర మీద కంటే మిగతా రెండింటి మీద కన్నేయాలి. కొరియర్ కంపెనీలు సాధారణంగా పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి వచ్చిన కిలోలకు, అసలు బరువుకు మధ్య ఏది ఎక్కువైతే దానికి ఛార్జీ వేస్తాయి. 40, 30, 25 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పంపితే లోపల ఎంత తేలికగా ఉన్నా అది 6 కిలోల కింద లెక్క. అమ్మేవాళ్లకు ముందే రాసి చిన్న అట్టపెట్టె అడగండి. రెండోది సుంకం. బొమ్మల మీద మన దేశం కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. మీ పార్సిల్‌ను ఏ పద్దు కింద వేస్తారన్నదాన్ని బట్టి బిల్లు మారుతుంది, కాబట్టి లెక్క వేసుకునేటప్పుడు పై అంకెతోనే వేసుకోండి. అమెరికాలోనో, దుబాయ్‌లోనో ఉన్న బంధువుల చేత తెప్పించుకుంటే బయటి పెట్టె మడిచి వేరే పెట్టమనండి, ట్రేతో సహా బొమ్మను బట్టల మధ్య చుట్టి చేతిసామానులో తెమ్మనండి. చెక్‌-ఇన్ సూట్‌కేసులో ముందు విరిగేది తోక చివరి ముక్క, అది విడిగా ఎక్కడా దొరకదు.